అయ్యనార్ పుంజు, పదకొండు గుడ్లు

జనని బట్టలుతికే బండ ఎక్కి నిలబడి అప్పటికి పావుగంట అయింది.

చేతిలో తవుడు చాట. నెత్తిన సారల్, అంటే ఆని నెలలో పడమటి కొండల మీంచి రాజపాళయం మీదికి దిగే సన్నటి తుంపర. కింద పుంజు. ఒక రెక్క నేలకు జార్చి, మెడ ఈకలు గొడుగులా విప్పి, అది బండ చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. ఓరకంట ఆమె పాదాలనే చూస్తోంది.

"పో అయ్యా. మిల్లు వేలైకు టైమైనాది," అంది జనని మర్యాదగా. ఆ ఇంట్లో ఆ పుంజును ఎవరూ కసురుకోకూడదు.

వెనక సందు వైపున్న దొడ్డి తలుపు కిర్రుమంది. ఖాళీ గుడ్ల ట్రే పట్టుకుని ఒక యువకుడు తల లోపలికి పెట్టాడు. బండనీ, దాని మీద మనిషినీ, కింద కాపలానీ ఒకసారి చూశాడు. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు గానీ కుదరలేదు.

"చెల్లమ్మగారి ఇల్లు ఇదేనా?"

"ఆమా, ఇదే. లోపలికి రాకండి!"

"మీరేనా చెల్లమ్మగారు?"

"డెబ్బై నాలుగేళ్ళదాని మాదిరి కనిపిస్తున్నానా నేను?"

"వానలో బండెక్కి నిలబడినవాళ్ళ వయసు ఎట్ల చెప్పేది?" అంటూ అతను లోపలికి వచ్చేశాడు.

పుంజు జననిని వదిలి గిరుక్కున తిరిగింది. నేల మీద మెరుపులా పరుగెత్తుకొచ్చి, ఎగిరి, రెండు కాళ్ళతో అతని మోకాలి కింద తన్నింది.

"కొట్టకండి! స్వామి కోడి అది!" అరిచింది జనని.

అతను కొట్టలేదు. కాలు విదల్చలేదు, వెనక్కి జరగలేదు. బస్సు కోసం నిలబడినవాడిలా నిలబడ్డాడు. పుంజు మళ్ళీ తన్నింది. మూడోసారి ఎగరబోయి, దానికే అనుమానం వచ్చి తల పక్కకు వంచి చూసింది. ఆ క్షణంలో అతను వంగి, రెండు రెక్కల మీదా చేతులు వేసి, దాన్ని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. సంతకు పోయేవాడు సంచి పెట్టుకున్నంత మామూలుగా.

"ఇప్పుడు దిగండి. మెల్లగా. పరిగెత్తకూడదు."

జనని దిగింది. ఆమె ఉద్యోగం ఒక మిల్లులో. గాయాలకు కట్టే పల్చటి గుడ్డను దీపాల బల్ల మీద పరిచి, ఒక్క పోగు తప్పినా పట్టుకోవడం ఆమె పని. ఆ కళ్ళు మనుషుల్ని కూడా అలాగే చూస్తాయి. అతని ప్యాంటు మీద రెండు మట్టి గీతలు, వాటి కింద ఒక రక్తపు చుక్క. ముఖంలో మాత్రం కోపం జాడ లేదు. చొక్కా రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉంది. అది తప్పే. ఆమె దాన్ని మనసులో రాసుకుంది.

"ఎవరు మీరు? కోడిపందేల ఆళ్ళా? ఇది అమ్మేది కాదు, చెప్పేసినాను."

"పందెగాణ్ణయితే తన్నులు తిని సుమ్మా ఊరికే నిలబడతానా? చోళపురంలో నాటుకోళ్ళ పెంపకం నాది. పేరు రఘురామ. బీకాం చదివినాను. చదివి కోళ్ళేమిటని మీరు అడగబోతారు కాబట్టి ముందే చెప్పేస్తాను, నాకు అవే ఇష్టం. మీ అవ్వ దగ్గర పాత నాటురకం ఉందంటే పొదిగించేదానికి గుడ్లు అడగాలని వచ్చినాను."

వెనక వరండాలోంచి చెల్లమ్మ మాట వినిపించింది. ఒక కాలు ముక్కాలిపీట మీద చాపుకుని కూర్చుంది. పిక్కకు తెల్లటి కట్టు.

"తినేదానికంటే తీసుకుపో తంబి. పొదిగే గుడ్లు మా ఇంట్లోంచి బయటికి పోవు. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక పెట్ట, పదకొండు గుడ్లు. అంతే. మా అమ్మ నాకట్లనే ఇచ్చినాది, వాళ్ళమ్మ ఆమెకట్లనే ఇచ్చినాది."

"అప్పడియా, అట్లనా అవ్వా. సరి," అన్నాడు రఘురామ. బేరం ఆడలేదు, బతిమాలలేదు. చంకలో పుంజు కాలికి కట్టిన పసుపు గుడ్డను వేలితో సర్దాడు. "ఇదేమి?"

ఆ కథ చెప్పడం చెల్లమ్మకు ఇష్టం. మూడేళ్ళ కింద ఆమె కొడుకు విజయరాఘవ, అంటే జనని తండ్రి, తళవాయిపురం రోడ్డులో బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక నిలబడడేమో అన్నారు. ఊరి బయటి చిన్న కోవిల్లో ఉన్న అయ్యనార్‌కు చెల్లమ్మ మొక్కుకుంది. కాలు నిలిస్తే నీ తోపులో ఒక పుంజును విడుస్తానని. కాలు నిలిచింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లల్లో మేలైనదాన్ని ఏరి, పెరిగాక పసుపు గుడ్డ కట్టింది. అంతలో కోవిల్లో తిరుప్పణి, అంటే గుడి మరమ్మతు, మొదలైంది. గోపురానికి సారువ కట్టారు, విగ్రహానికి తెర వేశారు. ఏటేటా చేసే కొడై జాతర జరిగితే గానీ మొక్కు చెల్లదు. రెండు కొడైలు జరగకుండానే పోయాయి. పుంజు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మొక్కిన కోడిని కొట్టకూడదు, తరమకూడదు. ఎదురొస్తే పక్కకు జరిగి దారి ఇవ్వాలి. ఇంటికొచ్చిన కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద ఉండదు కాబట్టి వీధిలో అందరూ దాన్ని మాప్పిళ్ళై అనే పిలుస్తారు. మాప్పిళ్ళై పాలు పోసే ఆరోక్కియమేరిని రెండుసార్లు తరిమాడు. పోయినవారం చెల్లమ్మ పిక్కలో కాలి ముల్లు దింపాడు.

"షుగరు ఒళ్ళు మా అవ్వది. పుండు ఆరేదానికి ఎన్నాళ్ళవుతుందో," అంది జనని. "మా అప్పా చెప్పేసినారు. ఆడి నెల పుట్టేలోపల దీన్ని పూచారి ఇంట్లో కట్టేసి, పెట్టలన్నీ అమ్మేసి, దొడ్డంతా సిమెంటు పోసి కారు నిలుపుతారంట."

చెల్లమ్మ పీట మీది కాలు సర్దుకుంది. దొడ్డి వైపు చూసింది. నాలుగు పెట్టలు కరివేపాకు చెట్టు కింద మట్టి గీరుతున్నాయి. యాభై ఏళ్ళుగా ఆమె పొద్దు అక్కడే మొదలయ్యేది. తల్లి లేని జననికి అన్నం ముద్దలు పెట్టింది అక్కడే. వారంగా ఆమె గడప దాటలేదు.

జననికి ఆ చూపే భరించడం కష్టంగా ఉంది.

రఘురామ పుంజును కింద దించలేదు. అది చంకలో మెత్తబడి, కళ్ళు సగం మూసింది.

"తప్పుగా అనుకోకండి అవ్వా. దీనికి పొగరు మీరే నేర్పినారు."

"నేనా?"

"అది ఒక అడుగు ముందరికి వేస్తే మీరందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. మీరు స్వామికి దారి ఇస్తారు. అది నేను గెలిచినాను అనుకుంటాది. రోజుకు పదిసార్లు, రెండేళ్ళు. ఎవరికైనా తలకెక్కదా?"

"అయితే స్వామి కోడిని కొట్టమంటావా?" చెల్లమ్మ గొంతు పెరిగింది.

"కొట్టితే పోట్లాటకు వచ్చినారనుకుంటాది. కొట్టవద్దు, పరిగెత్తవద్దు. నిలబడండి, అంతే. మీదికి ఎగిరితే ఇట్ల ఎత్తుకుని, మెత్తబడేదాకా తిప్పి, దించేయండి. మూడు వారాలు చాలు. రోజూ పొద్దున నేను వస్తాను."

"గుడ్లు ఇయ్యనన్నా?"

"ఇట్లాంటి పుంజు ఈ చుట్టుపక్కల లేదు అవ్వా. ఆ నిలబడే తీరు చూడండి, ఆ కళ్ళు చూడండి. దీన్ని దొంగమాదిరి కట్టేస్తే పావం కదా." అతను పుంజునే పొగుడుతున్నాడు. చూపు మాత్రం ఒకసారి దారి తప్పి, తడిసిన జడ మీద ఆగి, మళ్ళీ పుంజు దగ్గరికి వచ్చేసింది.

జనని అది కూడా రాసుకుంది. తప్పుల కింద రాయాలో వద్దో తేలలేదు.

మర్నాడు ఆరున్నరకే చోళపురం నుంచి బండి వచ్చింది. రఘురామ జేబులోంచి చిన్న ఆకురాయి తీశాడు. "ముల్లు మొన కొంచెం అరగదీస్తే..."

"అయ్యయ్యో! మొక్కిన కోడికి గీత కూడా పడకూడదు!" చెల్లమ్మ వరండాలోంచే చేతులు అడ్డంపెట్టింది.

రఘురామ ఆకురాయిని జేబులో పెట్టేశాడు. చెల్లమ్మ పిక్క చూశాడు.

"ఈ కట్టు ఎవరు కట్టినారు?"

"నేనే," అంది జనని.

"ఒక్క ముడత లేదు. ఒక కొసైనా బయటికి రాలేదు." గుడ్డను కాదు, పనిని చూసినట్టు చూశాడు. "దానికీ ఇట్లనే కట్టరా?"

మిల్లులో అందరూ ఆమెను తప్పుపట్టే మనిషిగానే చూస్తారు. చేసిన పనిలో మంచి పట్టుకుని చెప్పినవాళ్ళు తక్కువ. జనని లోపలికి వెళ్ళి గుడ్డ చుట్ట తెచ్చింది. అతను పట్టుకున్నాడు, ఆమె కట్టింది. రెండు ముళ్ళకూ తెల్లటి మెత్తటి తొడుగులు. కింద దించితే మాప్పిళ్ళై తన కాళ్ళను తానే వింతగా చూసుకున్నాడు.

"ఇస్కూలుకు పోయే పిల్లకాయ మాదిరి ఉన్నాడు," అంది చెల్లమ్మ. వారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

నాలుగు రోజులు రఘురామే పుంజును ఎత్తి తిప్పాడు. ఐదోనాడు చేతులు కట్టుకుని కరివేపాకు చెట్టుకు ఆనుకున్నాడు.

"ఇంక మీరు."

"నేనా?"

"నేను పట్టుకుంటే నాకే అణుగుతాది. ఈ దొడ్డిలో తిరిగేది మీరు."

జనని తవుడు చాటతో నడిచింది. పుంజు రెక్క జార్చింది. పక్కవాటుగా ఆడుతూ వచ్చింది. ఆమె కాలు దానంతట అదే వెనక్కి పోయింది.

"ఒక అడుగు వెనక్కి. మళ్ళా మొదటి నుంచి."

"అర అడుగే!"

"అర అడుగు మీకు. దానికి గెలుపే."

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కాలు జరిగింది. "మళ్ళా మొదటి నుంచి." ఆరుసార్లు. అతని గొంతులో విసుగు రాలేదు, జాలి కూడా రాలేదు. అదే ఆమెకు నచ్చింది. పోనీలెండి అనేవాళ్ళంటే ఆమెకు మొదటి నుంచీ పడదు. ఏడోసారి మెత్తటి తొడుగులు ఆమె పిక్కలకు దబ్బున తగిలాయి. ఆమె నిలబడింది. కళ్ళు మూసుకుని మరీ నిలబడింది. వంగి, రెండు రెక్కల మీదా చేతులు వేసి ఎత్తింది. ఈకల కింద వెచ్చగా, ఇంత గుండె టకటకా కొట్టుకుంటోంది.

"దీనికీ పయమేనా?" అంది ఆశ్చర్యంగా.

"మీదికి వచ్చేవాళ్ళలో చాలామందికి పయమే," అన్నాడు. "మీరు రొంబ బాగా నిలబడినారు."

తుంపర మళ్ళీ మొదలైంది. ఎవరూ లోపలికి పోలేదు.

రోజులు గడిచాయి. అతను తడి కాళ్ళతో వరండా ఎక్కడు. టీ తాగిన గ్లాసు కడిగి బోర్లిస్తాడు. చెల్లమ్మ చెప్పిన కథే రెండోసారి చెబితే మొదటిసారి విన్నట్టు వింటాడు. జనని తప్పుల జాబితాలో ఇప్పటికీ ఒకే ఒక గుండీ ఉంది. ఒకరోజు ఆ గుండీ కూడా సరైన దారంతో కుట్టుకుని వచ్చాడు.

"ఎవరు కుట్టినారు?"

"నేనే. మీరు రోజూ దాన్నే చూస్తుంటే ఎన్నాళ్ళని ఊరుకునేది?"

జనని చెవుల దాకా ఎర్రబడి, ఆ రోజు మిల్లుకు పది నిమిషాలు ముందే వెళ్ళిపోయింది.

ఆడి నెలకు ఇక నాలుగు రోజులున్నాయనగా, అన్నం తింటూ విజయరాఘవ అన్నాడు. "ఆ చోళపురం తంబి మంచోడే. కోళ్ళన్నీ అమ్మితే నేనే తీసుకుంటానన్నాడు."

జనని ముద్ద కలుపుతూ ఆగిపోయింది. గుడ్లు దొరకనందుకు కోళ్ళకే ఎసరు పెట్టాడన్నమాట. మూడు వారాల ఓపిక అంతా అందుకేనా? ఎంత వెతికినా దొరకని తప్పు దొరికింది. ఎందుకో దొరికిన సంతోషం మాత్రం లేదు.

పొద్దున దొడ్డి తలుపు దగ్గరే అడ్డంగా నిలబడింది.

"గుడ్లకు వచ్చినారా, కోళ్ళకు వచ్చినారా?"

"ఏమైనాది?"

"అప్పా చెప్పినారు. అన్నీ మీరే తీసుకుంటారంటనే."

రఘురామ ముఖం చిన్నబోయింది. "కోతకు అమ్మేస్తానని అన్నారు. కోతకు వద్దు సార్, అమ్మేదైతే నాకే ఇయ్యండి, అట్లనే పెంచుతాను అన్నాను. ఎప్పుడు కావాలన్నా మీ అవ్వ వచ్చి చూసుకుంటాదని."

"అది అప్పా చెప్పలేదు."

"నేను సరిగా చెప్పి ఉండను. ఆయన ముందర నా నోట సరి సార్ తప్ప ఇంకేమీ రాలేదు. నిజానికి చెప్పాలనుకున్నది వేరే."

"ఏమది?"

అతను హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. మాప్పిళ్ళై గోడెక్కి గొంతెత్తి కూశాడు.

"పుంజుకు తవుడు పెట్టాల," అన్నాడు రఘురామ. వెళ్ళి పెట్టాడు.

ఆని ఆఖరి రోజు. విజయరాఘవ టీ గ్లాసుతో వెనక గుమ్మంలో నిలబడ్డాడు. సిమెంటు మేస్త్రిని ఎనిమిదింటికి రమ్మన్నాడు. జనని అడగ్గా అంతకుముందు ఒక్క అవకాశానికి మాత్రం ఒప్పుకున్నాడు. "చూస్తాను. అమ్మ ఒక్కతే ఆ చెట్టుదాకా పోయి రావాల. కాలికి మళ్ళా దెబ్బ తగిలిందా, ఇంక మాటే లేదు."

చెల్లమ్మ పుండు ఆరిపోయింది. చాట తీసుకుని గడప దాటింది. జనని చేతులు చాపి వెంట పోబోతే, రఘురామ చూపుతోనే ఆపాడు.

పుంజు చూసింది. రెక్క జారింది. తెల్లటి తొడుగుల కాళ్ళతో పక్కవాటుగా ఆడుతూ దగ్గరికొచ్చింది. చెల్లమ్మ ఆగింది. ఆమె చాటను రొమ్ముకు అదుముకోవడం జననికి కనిపించింది. కానీ పాదాలు మట్టిలో నాటినట్టున్నాయి.

"అయ్యనారప్పా," అంది చెల్లమ్మ, పక్కింటివాడితో మాట్లాడినట్టు, "నీ కోడిని నేను కొట్టను. దారి మాత్రం ఇయ్యను. నీకిచ్చేదాకా ఇది నా దొడ్డి. దానికి నువ్వే చెప్పు."

పుంజు తల వంచి చూసింది. ఒకసారి నేల పొడిచింది. ఏమీ లేని చోట ఏదో దొరికినట్టు గీరింది. రెక్క సర్దుకుని, అసలు తను ఇటు రానేలేదన్నట్టు పెట్టల దగ్గరికి పోయింది.

జనని ఊపిరి వదిలింది. చెల్లమ్మ చెట్టుదాకా వెళ్ళి, తవుడు చల్లి, చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

"ఏమమ్మా, నిజంగానే..." అంటూ విజయరాఘవ దొడ్డిలోకి దిగాడు. అతను ఈ మూడు వారాల్లో ఒక్కరోజూ దిగలేదు. పుంజు గిరుక్కున తిరిగింది. విజయరాఘవ కాలు వెనక్కి లేచింది.

"అప్పా! వెనక్కి పోకూడదు!"

"నిలబడు రా," అంది చెల్లమ్మ. "ఆ కాలు నిలబడేదానికేగా దాన్ని మొక్కినది."

విజయరాఘవ నిలబడ్డాడు. గ్లాసులోంచి టీ చేతి మీద ఒలికింది. దబ్బున ఒక్క మెత్తటి దెబ్బ తగిలింది. అతుకుపడిన కాలు కదల్లేదు. పుంజు ఇంకోసారి చూసి, విసుగ్గా వెళ్ళిపోయింది.

ముందు చెల్లమ్మ నవ్వింది. తర్వాత విజయరాఘవ. "సరి. మేస్త్రికి వద్దని చెప్పేస్తాను. కారు వీధిలోనే ఉండనీ." నవ్వుతూనే రఘురామ వైపు తిరిగాడు. "తంబి, ఇన్ని రోజులు ఇంత చేసినారు. మీకేమి కావాలో అడగండి."

"ఏమీ లేదు సార్. నేను... అవ్వ కాలు బాగైనాది, అదే చాలు. వస్తాను సార్." అంటూ దొడ్డి తలుపు వైపు జరిగాడు. ఏ పుంజుకూ జరగని మనిషి.

చెల్లమ్మ చాట కింద పెట్టింది. "రేపు ఆడి పుట్టేది. ఒక నెల ఏ ఇంట్లోనూ పెండ్లి మాట ఎత్తకూడదు. ఎవరికైనా చెప్పేదుంటే ఈ రోజే చెప్పాల." ఎవరినీ చూడకుండా కరివేపాకు రెమ్మ తుంచుకుంది.

రఘురామ చెయ్యి తలుపు గడియ మీద పడింది.

"ఒక అడుగు వెనక్కి," అంది జనని స్పష్టంగా. "మళ్ళా మొదటి నుంచి."

అతను ఆగాడు. గడియ వదిలాడు. వచ్చి విజయరాఘవ ఎదుట, అంతకుముందు నిలబడిన చోటే నిలబడ్డాడు.

"సార్. నాకు జనని అంటే ఇష్టం. మీ ముందర చెప్పేదానికి పయంగానే ఉంది. కానీ ముందు ఆమెనే అడగాల." ఆమె వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

మేడ మీది రేకుల నుంచి చినుకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. జనని తొందరపడలేదు. తొందరపడి ఆమె ఏ గుడ్డనూ పంపి ఎరగదు.

"మూడు వారాలు రోజూ తప్పు వెతికినాను. గుండీ ఒకటి దొరికితే మీరే సరిచేసేసినారు. ఈ రోజు ఇంకోటి దొరికినాది. పుంజు ముందర నిలబడేవాళ్ళు అప్పా ముందర వెనక్కి పోతారు."

"ఆమా," అన్నాడు రఘురామ దీనంగా.

"సరిచేసేదానికి వీలైన తప్పుంటే మా మిల్లులో గుడ్డను తిప్పి పంపము." ఆమె జడ కొస ముందుకు లాక్కుంది. "నాకూ ఇష్టమే."

విజయరాఘవ కూతుర్ని చూశాడు, తల్లిని చూశాడు. ఖాళీ అయిన టీ గ్లాసును చూశాడు. "మీ ఇంటి పెద్దవాళ్ళని ఈ రోజు సాయంత్రమే రమ్మనండి తంబి. మాట అనుకుంటే ఆవణి నెలలో మిగతాది చూసుకోవచ్చు."

చెల్లమ్మ అప్పటికే గంపలో తవుడు పోస్తోంది. గూట్లోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి, వెలుతురుకెత్తి చూసి, తవుట్లో నాటుతోంది. పదకొండోది పెట్టి, గంప తెచ్చి రఘురామ చేతుల్లో పెట్టింది.

"పెట్ట మాత్రం ఇప్పుడు ఇయ్యను. అది పిల్లతో వస్తాది."

అతను గంపను రెండు చేతులతో పొదివి పట్టుకుని తలుపు వైపు నడిచాడు. రెండు చేతులూ నిండి ఉన్న మనిషిని మాప్పిళ్ళై దూరం నుంచే గమనించాడు. తల దించి, తెల్లటి తొడుగుల కాళ్ళతో దుమ్ము రేపుకుంటూ వచ్చేశాడు.

రఘురామ నిలబడ్డాడు. నిలబడడం తప్ప ఏమీ చేయలేడు.

జనని వెళ్ళింది, పరిగెత్తకుండా, మెల్లగా. వంగి పుంజును ఎత్తి చంకలో పెట్టుకుంది. ఇంకో చేత్తో గడియ తీసి, అతను దాటేదాకా తలుపు పట్టుకుంది.

"బండి మెల్లగా నడపండి," అంది. "గుడ్లున్నాయి."